ఇంటి మీద అప్పు: వడ్డీ రేటు కంటే ముందు చూడాల్సినవి

50 లక్షల హోమ్ లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. ఈఎంఐ 43,391 రూపాయలు. ఒక్క నెల కూడా తప్పకుండా ఐదేళ్లు కట్టి, స్టేట్‌మెంట్ తెప్పించుకుని చూస్తే ఇంకా 44 లక్షల పైనే బాకీ ఉంటుంది. కట్టింది 26 లక్షలు. తీరిన అసలు ఆరు లక్షలు కూడా లేదు. ఈ కాగితం చూసిన చాలామంది నోట వచ్చే మొదటి మాట "బ్యాంకోళ్లు ముంచేశారు" అనే. నిజానికి ముంచలేదు, లెక్క పైసాతో సహా సరిపోతుంది. కాకపోతే సంతకాలు పెట్టించుకున్న రోజు ఈ లెక్కను ఎవరూ విప్పి చెప్పలేదు, మనమూ అడగలేదు.

లోన్ తీసుకునేటప్పుడు మనవాళ్లు పావు శాతం వడ్డీ కోసం నాలుగు బ్యాంకులు తిరుగుతారు. తిరగాల్సిందే. కానీ అంతకంటే ఎక్కువ డబ్బు రెండు చోట్ల పోతుంది. ఏ కాగితం మీద ఇల్లు తాకట్టు పెట్టామన్నది ఒకటి. ఆ అప్పు ఎన్నాళ్లు నడిచిందన్నది రెండోది. ముందు కాగితం సంగతి.

ఏ తాకట్టు

స్థిరాస్తి తాకట్టుకు మన దేశంలో ఇప్పటికీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. అందులో 58వ సెక్షన్ ఆరు రకాల తాకట్టులను చెబుతుంది. మామూలు మనిషికి వీటిలో నాలుగింటితోనే పని.

బ్యాంకు హోమ్ లోన్ దాదాపు ఎప్పుడూ టైటిల్ డీడ్స్ డిపాజిట్ పద్ధతిలోనే ఉంటుంది. ఇంటి ఒరిజినల్ దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు తీసుకెళ్లి "ఈ అప్పుకు హామీగా పెడుతున్నాను" అని బ్యాంకుకు అప్పగిస్తే తాకట్టు ఏర్పడినట్టే. విడిగా తనఖా దస్తావేజు రాయాలని చట్టం అడగదు. ఈ వెసులుబాటు మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి లాంటి వ్యాపార నగరాలకే ఉండేది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు నోటిఫై చేసిన పట్టణాలకు పాకింది. కాగితాలు అప్పగించే ఊరు నోటిఫై అయిందై ఉండాలి, ఆస్తి ఎక్కడున్నా ఫరవాలేదు. అయితే మన దగ్గర బ్యాంకులు అంతటితో ఊరుకోవు. కాగితాలు డిపాజిట్ చేసినట్టు ఒక మెమొరాండం రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తాయి. బ్యాంకులో దాన్ని ఎంఓడీటీ అంటారు. అది ఈసీలోకి, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది కాబట్టి, ఆ ఇల్లు కొనడానికి వచ్చినవాడికి అప్పు ఉన్న సంగతి తెలిసిపోతుంది.

రెండోది సాధారణ తాకట్టు, అంటే ఊళ్లో "తనఖా రిజిస్ట్రేషన్" అని పిలిచేది. ఇల్లు మన స్వాధీనంలోనే ఉంటుంది. బాకీ తీర్చకపోతే ఇచ్చినవాడు కోర్టుకు వెళ్లి అమ్మకానికి డిక్రీ తెచ్చుకోవాలి. అందుకు అతనికి 12 ఏళ్ల గడువు ఉంటుంది. అప్పు వంద రూపాయలు దాటితే ఈ దస్తావేజు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. 1882లో పెట్టిన వంద ఇంకా మారలేదు కాబట్టి ఈరోజు ప్రతి తనఖాకూ రిజిస్ట్రేషన్ కావాలనే అర్థం.

మూడోది స్వాధీన తాకట్టు. పొలమో ఇల్లో అప్పు ఇచ్చినవాడి చేతికి వెళ్లిపోతుంది. పంటో అద్దో అతను తీసుకుంటాడు. దాన్ని వడ్డీ కిందో, అసలు కిందో, రెండింటి కిందో జమ కట్టుకుంటాడు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు దీని పట్నం రూపం బాగా తెలుసు. పది, పదిహేను లక్షలు ఇంటి ఓనరుకు ఇచ్చి, అద్దె లేకుండా రెండు మూడేళ్లు ఉండి, వెళ్లేటప్పుడు డబ్బు వెనక్కి తీసుకునే "లీజు" అది. చాలాచోట్ల రిజిస్ట్రేషన్ లేకుండానే నడిచిపోతుంది. అదే ఇంటి మీద ఓనరుకు అప్పటికే బ్యాంకు లోన్ ఉంటే, ఆ పదిహేను లక్షలు ఇచ్చినవాడి గతి ఏమిటో ఆలోచించుకోవాలి. స్వాధీన తాకట్టులో ఆస్తి పెట్టినవాడి హక్కు మాత్రం గట్టిది. ఇన్నేళ్లు దాటింది కాబట్టి ఆస్తి నాదైపోయిందని అప్పు ఇచ్చినవాడు అనడానికి వీల్లేదని 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నాలుగో దాని దగ్గరే ఎక్కువమంది మునిగేది. షరతుతో కూడిన విక్రయం. పైకి అమ్మకంలా ఉంటుంది, లోపల "ఫలానా తేదీలోపు డబ్బు తిరిగి ఇస్తే ఆస్తి తిరిగి రాసిస్తాను" అనే షరతు ఉంటుంది. 1929లో చట్టాన్ని సవరించి, ఆ షరతు అదే దస్తావేజులో రాసి ఉంటేనే దాన్ని తాకట్టుగా చూస్తామని తేల్చారు. అమ్మకం ఒక కాగితం మీద, తిరిగి ఇస్తానన్న మాట వేరే కాగితం మీదో, నోటి మాటగానో ఉంటే చట్టం దాన్ని తాకట్టు అనదు.

ఇప్పుడు మన ఊళ్లలో ప్రైవేటు అప్పులు ఎలా నడుస్తున్నాయో చూడండి. పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో, వ్యాపారంలో నష్టానికో పది లక్షలు అవసరం. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఇచ్చేవాడు తనఖా రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోడు. సేల్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (అమ్మకం ఒప్పందంతో పాటు, మన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే కాగితం) రాయమంటాడు, ఇంకొంచెం గట్టివాడైతే ఏకంగా సేల్ డీడే చేయించుకుంటాడు. "ఊరికే సెక్యూరిటీ కోసం అన్నా, నువ్వు డబ్బులిచ్చిన రోజే కాగితం చించేస్తా" అంటాడు. నలభై లక్షల ఇల్లు పది లక్షలకు అమ్మేసినట్టు రిజిస్ట్రార్ ఆఫీసులో రికార్డవుతుంది. తర్వాత గొడవొస్తే "అది అమ్మకం కాదు, అప్పే" అని నిరూపించుకోవాల్సిన భారం ఇల్లు పోగొట్టుకున్నవాడి మీద పడుతుంది. తాకట్టు అయి ఉంటే చట్టం 60వ సెక్షన్ కింద విడిపించుకునే హక్కు ఉండేది. ఆ హక్కును ముందే వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లేది కాదు. అమ్మకం కాగితం మీద సంతకం పెట్టాక ఆ అండ పోయినట్టే. వడ్డీ రెండు రూపాయలా, రూపాయిన్నరా అన్న బేరం ఇక్కడ అసలు విషయమే కాదు.

మిగిలిన రెండింటిలో ఇంగ్లిష్ తాకట్టు ఆస్తిని బదిలీ చేసి, బాకీ తీరాక తిరిగి బదిలీ చేయించుకునేది. ఆరోది ఏ కోవలోకీ రాని మిశ్రమం.

కాలం ఖరీదు

ఇక ఈఎంఐ లెక్క. ప్రతి నెలా మిగిలి ఉన్న అసలు మీద ముందు వడ్డీ కట్టుకుంటారు, మిగిలిందే అసలుకు పోతుంది. పైన చెప్పిన 50 లక్షల లోన్‌లో మొదటి నెల వడ్డీ 35,417. కట్టిన 43,391లో అది పోగా అసలుకు చేరేది 7,974 రూపాయలు. ఆ నెల నుంచి అసలు వాటా కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. అది వడ్డీ వాటాను దాటేసరికి పన్నెండో ఏడు చివరికి వస్తాం. 20 ఏళ్ల లోన్‌లో సగం దాటాక గానీ ఈఎంఐలో సగం అసలుకు పోదన్నమాట.

అందుకే గడువు విషయంలో తేలిగ్గా తల ఊపకూడదు. ఇదే లోన్‌ను 30 ఏళ్లకు పెడితే ఈఎంఐ 38,446. నెలకు దాదాపు ఐదు వేలు తగ్గింది, చూడ్డానికి బాగుంది. మొత్తం వడ్డీ మాత్రం 54 లక్షల నుంచి 88 లక్షలకు ఎగబాకుతుంది. నెలకు ఐదు వేల ఊపిరికి 34 లక్షల మూల్యం. అటు 15 ఏళ్లకు కుదిస్తే ఈఎంఐ 49,237 అవుతుంది, వడ్డీ 39 లక్షల లోపే. ముప్పై దాటని ఉద్యోగులకు కూడా 30 ఏళ్ల లోన్ పెట్టించి "ఎలిజిబిలిటీ పెరుగుతుంది సార్" అనడం ఈ మధ్య మామూలైపోయింది. పెరిగే మాట నిజమే. పెరిగింది అప్పు.

ప్రైవేటు ఫైనాన్సులు, కొన్ని చిట్ కంపెనీల అనుబంధ సంస్థలు ఇంకో మాట వాడతాయి: ఫ్లాట్ రేటు. "ఎనిమిది శాతమేనండీ" అంటారు. పది లక్షలకు పదేళ్లు, ఏడాదికి 80 వేల చొప్పున 8 లక్షల వడ్డీ. మొత్తం 18 లక్షలను 120 నెలలకు పంచితే నెలకు 15 వేలు. తీరిపోయిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ కడుతున్నాం కాబట్టి, బ్యాంకు పద్ధతిలో చూస్తే అది 13 శాతం పైనే. రేటు చెప్పినప్పుడల్లా "తగ్గే బ్యాలెన్స్ మీదా, ఫ్లాటా" అని అడగడానికి మొహమాటం పడకూడదు.

రేటు మారినప్పుడు ఏం జరుగుతుంది

అమెరికాలో ఇల్లు కొన్న మన వాళ్లలో చాలామంది 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు తీసుకుంటారు. 2021లో మూడు శాతం దగ్గర దొరికినవాళ్లు ఆ ఇల్లు అమ్మడానికే ఇష్టపడటం లేదు. ఇక్కడ ఆ సుఖం లేదు. మన హోమ్ లోన్లు ఎక్కువగా ఫ్లోటింగ్, అంటే మధ్యలో రేటు మారుతూ ఉండేవి. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు వ్యక్తులకిచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్‌ను రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. రెపో మీద బ్యాంకు కలుపుకునేదాన్ని స్ప్రెడ్ అంటారు. ఈ నియమం హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు వర్తించదు. వాళ్లు తమ సొంత ప్రైమ్ రేటు పెట్టుకుంటారు, అది పెరిగేటప్పుడు చూపించే చురుకుదనం తగ్గేటప్పుడు కనబడదు. బ్యాంకుల్లోనూ, రేటును బ్యాంకే లెక్కగట్టే పాత ఎంసీఎల్‌ఆర్, బేస్ రేటు లోన్లు ఇంకా లాగుతున్నవాళ్లు ఉన్నారు. కొత్త పద్ధతికి మార్చమని రాసిస్తే, కొద్దిపాటి ఖర్చుతో మారుస్తారు. అడగనివాడికి ఎవరూ మార్చరు.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 శాతం నుంచి 6.5కు పోయింది. 7 శాతం వడ్డీకి 50 లక్షలు 20 ఏళ్లకు తీసుకుని, 38,765 ఈఎంఐతో రెండేళ్లు కట్టినవాణ్ని తీసుకుందాం. బాకీ 47.5 లక్షలు. వడ్డీ ఒక్కసారిగా 9.5 అయిందనుకుంటే నెల వడ్డీయే 37,600 దాటుతుంది. ఈఎంఐ మార్చకుండా వదిలేస్తే అసలుకు వెళ్లేది నెలకు వెయ్యి రూపాయల చిల్లర. మిగిలిన 18 ఏళ్ల గడువు 37 ఏళ్లకు సాగుతుంది. బ్యాంకులు అప్పట్లో చేసింది చాలావరకు ఇదే. ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పెంచుకుంటూ పోయాయి. మెసేజ్ వచ్చినా చదివినవాళ్లు తక్కువ, రిటైరయ్యే వయసు దాటి ఈఎంఐలు ఉన్నాయని తెలిసి గుండె జారినవాళ్లు ఎక్కువ. గడువు 18 ఏళ్లే ఉంచాలంటే ఆ ఈఎంఐ 46 వేలకు పెరగాలి.

దీని మీద 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. రేటు రీసెట్ అయినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతగానా అన్నది లోన్ తీసుకున్నవాడికే వదలాలి. బ్యాంకు బోర్డు విధానాన్ని బట్టి ఫిక్స్‌డ్ రేటుకు మారే దారీ చూపాలని అప్పట్లో అంది, 2025 అక్టోబర్ నుంచి అది బ్యాంకు ఇష్టానికే వదిలింది. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటిదాకా కట్టిన అసలు, వడ్డీ, మిగిలిన ఈఎంఐల సంఖ్య ఉండాలి. గడువు ఎంత సాగినా నెల వడ్డీకి కూడా ఈఎంఐ చాలని స్థితి రాకూడదు.

2025లో రెపో మళ్లీ దిగి డిసెంబర్‌కు 5.25కు చేరింది. రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించమని అడగాలనిపిస్తుంది. ఇంట్లో ఇబ్బంది లేకపోతే ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గనివ్వడమే లాభం. ఇంకొక్క చిన్న పని: కొత్తగా వచ్చేవాళ్లకు మీ బ్యాంకు ఏ రేటు ఇస్తోందో దాని వెబ్‌సైట్‌లో చూడండి. మీ స్ప్రెడ్ అంతకంటే ఎక్కువైతే బ్రాంచికి వెళ్లి అడగండి. తగ్గించకపోతే వేరే బ్యాంకుకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకోవచ్చు. అక్కడ ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, మళ్లీ ఎంఓడీటీ ఖర్చు ఉంటాయి. గడువు చివర్లో ఉన్నవాడికి ఆ తిప్పలు దండగ.

ముందుగా కట్టడం

వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కు ముందుగా కడితే పెనాల్టీ లేదు. బ్యాంకులకు ఈ నిషేధం 2012 నుంచే ఉంది. కాబట్టి చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడు కట్టేయొచ్చు. కానీ ఎప్పుడు కట్టామన్నది చూడాలి. అదే 50 లక్షల లోన్‌లో రెండో ఏడు చివర ఐదు లక్షలు కడితే ఆఖరి నుంచి దాదాపు 45 ఈఎంఐలు ఎగిరిపోతాయి. వాటి విలువ 19 లక్షల పైన. అదే ఐదు లక్షలు పదిహేనో ఏడు చివర కడితే పోయేది 16, 17 ఈఎంఐలే. పెద్ద మొత్తం కుదరనివాళ్లు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా, బోనస్‌ వచ్చిన నెలలో, 20 ఏళ్ల లోన్ 16 ఏళ్ల 8 నెలలకు తీరుతుంది. పది లక్షల వడ్డీ మిగులుతుంది. కట్టేటప్పుడు "గడువు తగ్గించండి" అని రాసివ్వడం మరవద్దు. లేకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించేసి ఊరుకుంటారు.

ఉన్న డబ్బంతా లోన్‌లో పోసి, రేపు ఆసుపత్రి ఖర్చొస్తే 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోవడం తెలివి కాదు. అలాంటి భయం ఉన్నవాళ్లకు ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి హోమ్ లోన్ ఉంది. స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ ఈ కోవదే. మిగులు డబ్బు ఆ ఖాతాలో పడేస్తే అంతమేరకు వడ్డీ పడదు, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు. రేటు సాధారణంగా కాస్త ఎక్కువ. ఖాతాలో ఎప్పుడూ డబ్బు నిలవని కుటుంబానికి ఆ ఎక్కువ రేటు వృథా ఖర్చు. వ్యాపారులకు, ఏడాదికోసారి పెద్ద బోనస్ వచ్చేవాళ్లకు బాగా పనికొస్తుంది.

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు ప్రీ ఈఎంఐ అని ఒకటి పెడతారు. బ్యాంకు బిల్డర్‌కు విడతలుగా ఇస్తున్న డబ్బు మీద వడ్డీ మాత్రమే మనం కట్టేది. 20 లక్షలు విడుదలైతే 8.5 శాతం చొప్పున నెలకు 14 వేల పైచిలుకు. అసలు రూపాయి కూడా తగ్గదు. హైదరాబాద్ శివార్లలో టవరు రెండేళ్లు ఆలస్యమైతే, ఇటు అద్దె, అటు ఈ వడ్డీ. కుదిరితే మొదటి విడత నుంచే పూర్తి ఈఎంఐ పెట్టించుకోవడం మేలు.

స్టెప్ అప్ ఈఎంఐ అంటే మొదట్లో తక్కువ, జీతం పెరిగేకొద్దీ ఎక్కువ. జీతం పెరుగుతుందన్న నమ్మకమే దానికి ఆధారం. సాఫ్ట్‌వేర్‌లో ఆ నమ్మకం ఈ మధ్య కొంచెం సన్నబడింది.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. పన్ను కోసం లోన్ సాగదీయడంలో అర్థం ఎప్పుడూ అంతంతమాత్రమే, కొత్త విధానంలోకి మారినవాళ్లకు అదీ లేదు.

ఉన్న ఇంటి మీద, వృద్ధాప్యంలో

ఇప్పటికే ఉన్న ఇంటి మీద దేనికైనా తీసుకునేది లోన్ అగైనెస్ట్ ప్రాపర్టీ. హోమ్ లోన్ కంటే వడ్డీ ఎక్కువ, ఇంటి విలువలో ఇచ్చే వాటా తక్కువ. అయినా నూటికి రెండు రూపాయల వడ్డీతో పోలిస్తే సగమే. సేల్ డీడ్ రాయమనే ప్రైవేటు వ్యక్తి దగ్గరికి వెళ్లేముందు ఒకసారి బ్యాంకు తలుపు తట్టాలి. కాగితాలు సరిగా లేకనే చాలామంది అటు వెళ్లరు. గ్రామకంఠం ఇల్లు, నోటరీ మీద కొన్న స్థలం, తాతగారి పేరు మీదే ఉండిపోయిన ఆస్తి లాంటివి బ్యాంకు లాయరు దగ్గర ఆగిపోతాయి. ప్రైవేటు వడ్డీకి డిమాండు ఎక్కడి నుంచి వస్తోందో వెతికితే చాలావరకు అక్కడే తేలుతుంది.

రివర్స్ మార్టిగేజ్ పూర్తిగా తిరగేసిన లెక్క. 60 దాటినవాళ్లు సొంతింటిని బ్యాంకుకు తాకట్టు పెడితే బ్యాంకే వాళ్లకు నెలనెలా ఇస్తుంది. బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉంటారు. ఇద్దరూ పోయాక వారసులు బాకీ కట్టి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదంటే బ్యాంకు అమ్ముకుంటుంది. ఇంటి విలువ చాలకపోయినా మిగతాది వారసులను అడగకూడదు. 2007 నుంచీ ఈ పథకం ఉంది, పెద్దగా ఎవరూ తీసుకోలేదు. పిల్లలకు ఇల్లు మిగల్చకపోతే ఎలా అని తల్లిదండ్రులు జంకుతారు. పిల్లలు అమెరికాలో ఉండి ఆ ఇంటి వంక చూడకపోయినా సరే.

కట్టలేకపోతే, కట్టేశాక

వరుసగా 90 రోజులు బాకీ పడితే లోన్ మొండి బాకీ, బ్యాంకు భాషలో ఎన్‌పీఏ అవుతుంది. 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే 60 రోజుల నోటీసు ఇచ్చి, తర్వాత ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేయొచ్చు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. నోటీసు రాగానే తలుపు వేసుకుని కూర్చోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం చర్య మీద 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ట్రిబ్యునళ్లు ఉన్నాయి. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే అవకాశం 2016 సవరణ తర్వాత వేలం నోటీసు ప్రచురించే వరకే. ఉద్యోగం పోయిన నెలలోనే బ్యాంకుకు వెళ్లి రీస్ట్రక్చర్ చేయమని అడిగినవాడికి దొరికే వెసులుబాటు, ఆరు నెలల తర్వాత వెళ్లినవాడికి దొరకదు.

లోన్ మొత్తం తీర్చాక 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ ఇచ్చేయాలి, రిజిస్టర్ చేసిన తాకట్టును తొలగించాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. కాగితాలు తీసుకునేటప్పుడు, లోన్ రోజు బ్యాంకు ఇచ్చిన జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో లింకు డాక్యుమెంటూ సరిచూసుకోవాలి. నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి రాగానే పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఎంఓడీటీ రిజిస్టర్ అయింది కాబట్టి దాని రద్దు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. కేంద్ర స్థాయిలో తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్ట్రీలోనూ బ్యాంకు ఆ ఎంట్రీ తీసేయించాలి. రెండు మూడు వారాలు ఆగి కొత్తగా ఈసీ తీయించి, పాత తాకట్టు ఎంట్రీ కింద దాన్ని రద్దు చేసిన ఎంట్రీ పడిందో లేదో చూడాలి. పడకపోతే బ్యాంకు ఉత్తరం పట్టుకుని మళ్లీ వెళ్లాలి. లోన్ ఇచ్చిన బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయి, బ్రాంచి మారిపోయి, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయేరోజు ఆ ఉత్తరం కోసం తిరగడం కంటే ఇప్పుడు తిరగడం సులువు.